పొద్దుతిరుగుడులో కలుపు: విత్తిన రెండు రోజుల్లో తేలిపోయే లెక్క

నెలన్నర దాటిన పొద్దుతిరుగుడు చేనును గట్టు మీద నిలబడి చూస్తే, దీనికి కలుపు బెడద ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. చేటంత ఆకులు, నడుము దాటిన కాండాలు. సాళ్ల మధ్య ఎండ పొడ కూడా పడదు. ఆ నీడలో లేచిన గడ్డి పాలిపోయి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఈ పంట కలుపును తానే అణచుకుంటుందనే మాట ఊళ్లలో వినిపిస్తుంది. అది సగం నిజం. ఆ నీడ కమ్మే లోపు గడిచే ఐదారు వారాల సంగతి ఆ మాటలో లేదు.

మొలిచాక మొదటి ఇరవై రోజులు పొద్దుతిరుగుడు పైకి పెద్దగా ఎదగదు. వేరు దించుకునే పనిలో ఉంటుంది. నల్లరేగడిలో సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు వదిలి విత్తితే ఎకరాకు ఇరవై రెండు వేల మొక్కలు పడతాయి. అంటే చదరపు మీటరుకు ఐదో ఆరో. అదే చదరపు మీటరులో వాన పడిన వారానికి లేచే తోటకూర, గునుగు, గలిజేరు, ఊద మొలకలు వందల్లో ఉంటాయి. ఖాళీగా ఉన్న చోటును ఎవరో ఒకరు ఆక్రమించక మానరు. కర్నూలు, నంద్యాల వైపు సెప్టెంబరు, అక్టోబరులో వర్షాధారంగా వేసే చేలకు ఈ నష్టం రెండింతలు. అక్కడ పంటకు బతుకు నేలలో నిలిచిన తేమే. కలుపు తాగిన తేమ మళ్లీ రాదు. యూరియా లోటు రెండో దఫాలో తీర్చుకోవచ్చు, తేమ లోటు తీర్చే దఫా లేదు.

అందువల్ల ఈ పంటలో కలుపు తీయాలా వద్దా అనేది ప్రశ్న కాదు. ఎప్పుడు, దేనితో అనేదే ప్రశ్న. ఆ రెండింటికీ జవాబు విత్తిన మొదటి నలభై ఎనిమిది గంటల్లోనే చాలా వరకు తేలిపోతుంది.

తర్వాత చూద్దాంలే అనుకుంటే

వరిలో కలుపు మందు కొట్టడం ఆలస్యమైతే ఇంకో మందు ఉంటుంది. మొక్కజొన్నలో విత్తాక కుదరకపోతే ఇరవై రోజులకు కొట్టేవి దొరుకుతాయి. పొద్దుతిరుగుడుకు ఆ వెసులుబాటు సగమే ఉంది. గడ్డి జాతి కలుపు మీదకు క్విజలోఫాప్ ఇథైల్, ప్రొపాక్విజాఫాప్ లాంటివి పంట నిలిచి ఉండగానే కొట్టవచ్చు. గడ్డి రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉంటే అవి బాగా పనిచేస్తాయి, పంటకు ఏమీ కాదు. చిక్కు వెడల్పాకు కలుపుతోనే. పొద్దుతిరుగుడు కూడా వెడల్పాకు మొక్కే. తోటకూరను, గునుగును, వయ్యారిభామను చంపే మందు పంటను కూడా చంపుతుంది. మన విత్తన దుకాణాల్లో దొరికే మామూలు హైబ్రిడ్లకు ఆ మందులను తట్టుకునే శక్తి లేదు.

వెడల్పాకు కలుపును చంపే 2,4-డి సంగతి మరీ దారుణం. పక్క పొలంలో వరి మీదనో జొన్న మీదనో కొట్టినప్పుడు గాలికి వచ్చే తుంపర చాలు, పొద్దుతిరుగుడు ఆకులు మెలితిరిగి, తొడిమలు కిందికి వంగి, మొగ్గ వికారమైపోతుంది. అదే పంపును ఒకసారి నీళ్లతో తొలిచి పొద్దుతిరుగుడుకు వాడిన వాళ్లు చాలామంది ఈ దెబ్బ తిన్నవాళ్లే. కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోమని చెప్పేది ఇందుకే.

కాబట్టి మొలిచాక వెడల్పాకు కలుపు మీద రైతుకు మిగిలేవి రెండే: నేలను గీకి కలుపును తెగ్గోసే గుంటక, కూలీలు. సాళ్ల మధ్య గుంటక తిరుగుతుంది, మొక్కకు మొక్కకు మధ్య తిరగదు. ఆ సందులోది చేత్తో పీకాల్సిందే. అదే సమయానికి పత్తి తీతలు, మిరప పనులు ఉంటే కూలీలు దొరకరు. దొరికే లోపు పది రోజులు గడిచిపోతాయి. మొలకెత్తక ముందే నేల మీద కొట్టే మందుకు ఈ పంటలో ఇంత ప్రాముఖ్యం వచ్చింది ఈ ఇరుకులోంచే.

మిగిలింది పెండిమిథాలినే

పాత వ్యవసాయ పుస్తకాలు తీస్తే పొద్దుతిరుగుడు కలుపు కింద మూడు నాలుగు పేర్లు కనిపిస్తాయి. విత్తే ముందు చల్లి నేలలో కలియదున్నే ఫ్లూక్లోరాలిన్ ఒకటి. అది ఇప్పుడు దుకాణాల్లో దాదాపు కనిపించదు. అదే కుటుంబానికి చెందిన ట్రైఫ్లురాలిన్‌కు 2018 ఆగస్టు నాటి కేంద్ర ఉత్తర్వుతో ఈ పంటలో దారి మూసుకుపోయింది. అలాక్లోర్ వాడకం 2020 చివరితో ఆగిపోయింది. చివరికి మిగిలింది పెండిమిథాలిన్. 2020 మేలో కేంద్రం నిషేధించాలనుకున్న 27 మందుల ముసాయిదా జాబితాలో దాని పేరు కూడా ఉంది. 2023లో వచ్చిన తుది నిర్ణయంలో మాత్రం అది బయటపడింది. ఈ పంటకు, వెడల్పాకు కలుపు విషయంలో, దాదాపు ఒకే మందు మీద ఆధారపడి ఉన్నామన్నది మాత్రం కాస్త ఆలోచించాల్సిన విషయమే.

సిఫారసు సాదాసీదాగా ఉంటుంది. పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు లీటరు నుంచి లీటరుంబావు, 200 లీటర్ల నీటిలో కలిపి, విత్తిన వెంటనే గానీ మరుసటి రోజు గానీ నేల మీద సమానంగా పడేలా పిచికారీ చేయాలి. తేలిక నేలకు లీటరు, నల్లరేగడికి ఆపైన. ఇదే మందు 38.7 శాతం రూపంలో, సన్నని గుళికల పొరలో చుట్టి కూడా వస్తుంది. దానికి ఎకరాకు 600 నుంచి 700 మిల్లీలీటర్లు సరిపోతుంది. శాతం చూడకుండా ఒకదాని మోతాదు ఇంకోదానికి వాడితే లెక్క తప్పుతుంది.

ఈ మందు విత్తనాన్ని చంపదు. విత్తనం మామూలుగానే పగులుతుంది, మొలక బయటికి వస్తుంది. అప్పుడు వేరు కొసలో, మొలక కొసలో కణాలు రెండుగా చీలే పనిని ఇది ఆపేస్తుంది. మందు కొట్టిన వారం పది రోజులకు సాలు పక్కన మట్టిని గోటితో గీకి చూస్తే విషయం అర్థమవుతుంది. తెల్లగా, అర అంగుళం పొడవున, చచ్చీ చావని మొలకలు కనిపిస్తాయి. వేరు పొడవుగా సాగాల్సింది పోయి కొసన గుండ్రంగా ఉబ్బి, చిన్న గదలా ఉంటుంది. పక్క వేర్లు ఉండవు. దానికి నీళ్లు తాగే నోరే లేదు, రెండు రోజుల్లో వాడిపోతుంది. పైనుంచి చూసేవాళ్లకు అసలు కలుపే మొలవలేదనిపిస్తుంది గానీ, నిజానికి మొలిచి నేల లోపలే ఆగిపోయింది.

దీన్నుంచి వచ్చే మొదటి సంగతి, అప్పటికే నేల పైకి లేచిన కలుపును ఈ మందు ఏమీ చేయదు. దుక్కి దున్ని పది రోజులు ఆగి, వాన పడి, పచ్చగా కలుపు లేచిన నేలలో అలాగే గొర్రు తోలి విత్తి, పైన మందు కొడితే డబ్బు దండగ. ఆఖరి గుంటక తోలి, ఉన్న కలుపును తెగ్గోసి, వెంటనే విత్తాలి. నీటి వసతి ఉన్న చోట ముందే ఒక తడి ఇచ్చి, కలుపును లేవనిచ్చి, దాన్ని గుంటకతో చంపి ఆపైన విత్తితే ఇంకా మంచిది. మందుకు మిగిలే పని సగమవుతుంది. వరి కోసిన మాగాణిలో దున్నకుండా విత్తే చోట ఇదే పెద్ద సమస్య. దుబ్బుల నుంచి లేచే పిలకలు, అప్పటికే వేరూనిన ఊద ఈ మందును లెక్కచేయవు.

అసలు పని పదనుదే

ఒకే దుకాణంలో, ఒకే రోజు, ఒకే కంపెనీ మందు కొన్న ఇద్దరిలో ఒకరి చేను నెల రోజులు శుభ్రంగా ఉంటుంది. ఇంకొకరిది పదిహేను రోజులకే పచ్చిక బయలవుతుంది. రెండో ఆయన మందు కల్తీదని దుకాణం మీదికి వెళ్తాడు. కల్తీ ఉండదని కాదు. కానీ ఎక్కువసార్లు తేడా తెచ్చేది డబ్బా కాదు, నేలలో పదను, అంటే తేమ.

ఎకరాకు లీటరు అంటే అందులో అసలు మందు 300 గ్రాములు. దాన్ని ఎకరా నేల మీద, అంటే దాదాపు 4,047 చదరపు మీటర్ల మీద పరిస్తే చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు కూడా రాదు. చిటికెడు ఉప్పు కంటే తక్కువ. ఈ కాస్త మందు పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టిలో పలుచని పొరలా పరుచుకుని, తనలోంచి లేచే ప్రతి మొలకనూ తాకాలి. పెండిమిథాలిన్ నీటిలో దాదాపు కరగదు, లీటరు నీటిలో మిల్లీగ్రాములో మూడో వంతు మాత్రమే. మట్టి రేణువులను, నేలలోని సేంద్రియ పదార్థాన్ని గట్టిగా అంటుకుంటుంది. అందువల్ల కిందికి జారిపోదు, పంట విత్తనం దాకా దిగదు. ఈ గుణమే దాని బలం, ఇదే దాని బలహీనత కూడా. పొడి మట్టికి అంటుకుని కూర్చుంటే మొలకకు అందదు. మట్టి రేణువుల మధ్య తేమ ఉంటేనే కొద్దికొద్దిగా విడుదలై వేరుకు చేరుతుంది.

పైగా పొడి నేల మీద, ఎండలో పడి ఉన్న మందు ఊరికే ఉండదు. కొంత ఆవిరైపోతుంది, కొంత వెలుతురుకు విరిగిపోతుంది. మిట్టమధ్యాహ్నం కొట్టి, ఆ తర్వాత పది రోజులు వాన లేకపోతే, మందు పనికి రాలేదన్న మాట సహజంగానే వస్తుంది. కొట్టిన వారంలోపు పది పన్నెండు మిల్లీమీటర్ల వాన పడితే పొర కుదురుకుంటుంది. అంత నమ్మకం లేనప్పుడు విత్తిన వెంటనే, నేల చేతికి చల్లగా తగిలేటప్పుడే, సాయంత్రం పూట కొట్టడం ఉత్తమం. రాత్రి మంచు కూడా కాస్త తోడవుతుంది.

బోదెలు తోలి నీరు పెట్టే చేలలో ఒక మెలిక ఉంది. కాలువలో పారిన నీరు పక్కలకు ఎక్కుతుంది గానీ బోదె పైభాగం చాలా సేపు పొడిగానే ఉంటుంది. మందు పడింది ఆ పైభాగం మీదే. కాబట్టి మందు కొట్టి నీళ్లు పెట్టడం కంటే, తేలిక తడి ఇచ్చి నేల అడుగు వేయడానికి అనువుగా మారాక కొట్టడం మేలు. అనంతపురం వైపు స్ప్రింక్లర్లు ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. మందు కొట్టి, అరగంటో గంటో స్ప్రింక్లర్ తిప్పితే వానతో సమానం.

ఈ పొర ఎక్కడ తెగితే అక్కడ కలుపు లేస్తుంది. పెద్ద పెళ్లలున్న దుక్కి మీద కొడితే మందు పెళ్ల పైన పడుతుంది. తర్వాత వానకు పెళ్ల విరిగితే లోపలి మందు తగలని మట్టి, దానిలోని విత్తనాలు బయటపడతాయి. పాత పంట మోళ్లు, ఆకు చెత్త ఉంటే మందును అవే పీల్చుకుంటాయి. మందు కొట్టిన మనిషి అదే తడి నేల మీద ముందుకు నడిస్తే అడుగు పడిన చోటల్లా పొర చెదురుతుంది. అందుకే వెనక్కి నడుస్తూ కొట్టమంటారు. అలా చేస్తే మందు కాళ్లకు అంటడం కూడా తగ్గుతుంది. పసుప్పచ్చటి ఈ మందు ఒకసారి చేతికి, బట్టకు పట్టిందంటే సబ్బుకు లొంగదు. గ్లౌజులు వేసుకోని చేతిని వారం తర్వాత కూడా గుర్తుపట్టవచ్చు.

ఇసుకలో కలిపి చల్లేవాళ్లు కూడా ఉన్నారు. వరి మడిలో అది చెల్లుతుంది, నిలిచిన నీరే మందును అంతటా సర్దుతుంది. మెట్ట చేలో సర్దే నీరు లేదు. ఇసుక రేణువు పడిన చోట మందు ఎక్కువ, పడని చోట సున్నా. వారం తర్వాత చూస్తే చేను చిరుతపులి ఒంటి మచ్చల్లా ఉంటుంది.

ఒక సెంటులో కొలత

మోతాదు తప్పడానికి అసలు కారణం మందు కొలత కాదు, నీటి కొలత. "ట్యాంకుకు వంద మిల్లీలీటర్లు పొయ్యి" అన్నది దుకాణంలో వినిపించే మామూలు మాట. ఎకరాకు ఎన్ని ట్యాంకులు కొడతారన్నది ఎవరూ అడగరు. పదహారు లీటర్ల ట్యాంకుతో 200 లీటర్లు పడాలంటే పన్నెండున్నర ట్యాంకులు కొట్టాలి. ట్యాంకుకు 80 మిల్లీలీటర్ల చొప్పున లీటరు మందు సరిపోతుంది. వాస్తవంలో తొందరలో ఉన్న మనిషి, అందులోనూ ఇంజినుతో నడిచే తైవాన్ పంపు చేతికొస్తే, ఆరేడు ట్యాంకులతో ఎకరా ముగిస్తాడు. ట్యాంకుకు వంద చొప్పున ఆరు వందల మిల్లీలీటర్లే పడింది. కొన్ని చోట్ల రెండింతలు, కొన్ని చోట్ల ఏమీ లేదు. కలుపు ఆ ఖాళీల్లో లేస్తుంది.

దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ఎకరాకు వంద సెంట్లు కాబట్టి, సుమారు 21 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉన్న ఒక సెంటు జాగాను పుల్లలు పాతి గుర్తుపెట్టి, ట్యాంకులో కొలిచిన మంచినీళ్లు పోసి, రోజూ నడిచే వేగంతో కొట్టి, మిగిలిన నీళ్లు మళ్లీ కొలవాలి. రెండు లీటర్లు ఖర్చయితే ఎకరాకు రెండు వందలు పడుతున్నట్టు లెక్క. లీటరే ఖర్చయితే వేగం తగ్గించాలి, లేదా ట్యాంకులో మందు పాళ్లు పెంచుకోవాలి. తెలంగాణ లెక్కలో అయితే 33 అడుగుల చదరం ఒక గుంట, దానికి ఐదు లీటర్లు పడాలి. నాజిల్ కూడా ముఖ్యమే. పురుగు మందుకు వాడే గుండ్రటి పొగలాంటి తుంపర కంటే, విసనకర్రలా పరుచుకునే ఫ్లాట్ ఫ్యాన్ గానీ, ఫ్లడ్ జెట్ గానీ నేల మీద సమానంగా పడతాయి. పావుగంట పని. ఏటా విత్తే ముందు ఈ పావుగంట పెట్టే రైతులు తక్కువ అన్నది ఒప్పుకోవాల్సిన మాట.

పంటకు తగిలే దెబ్బ

కలుపును ఆపే మందు పంటను ఎందుకు ఆపదు? పొద్దుతిరుగుడుకు దాన్ని విరగ్గొట్టే ప్రత్యేక శక్తి పెద్దగా ఉన్నందుకు కాదు. విత్తనం మందు పొర కింద ఉన్నందుకు. నాలుగైదు సెంటీమీటర్ల లోతులో పడిన విత్తనం వేరు కిందికి దించుకుంటుంది, ఆ వేరుకు మందు అందదు. మొలక మాత్రం పొరను దాటి త్వరగా పైకి వచ్చేస్తుంది. గింజలో నిల్వ ఆహారం బాగా ఉండటం కూడా కలిసొస్తుంది. సన్నటి తోటకూర గింజకు ఆ రెండు సౌకర్యాలూ లేవు, అది పైన పైనే మొలవాలి.

ఈ లెక్క లోతు మీద నిలబడింది కాబట్టి, లోతు తప్పితే లెక్క తప్పుతుంది. గొర్రు సరిగా దిగక రెండు సెంటీమీటర్లలోనే గింజ పడినా, సాలు పూడకుండా తెరిచి ఉన్నా, మందు నేరుగా గింజ మీద పడుతుంది. అలాంటి మొక్క ఆలస్యంగా లేస్తుంది, కాండం మొదలు లావుగా, పెళుసుగా ఉంటుంది, పీకితే పక్క వేర్లు మొండిగా కనిపిస్తాయి. ఎర్ర చల్కల్లో, ఇసుక పాళ్లు ఎక్కువున్న నేలల్లో మందు పట్టి ఉంచే బంకమట్టి తక్కువ. అక్కడ నల్లరేగడి మోతాదు కొట్టాక భారీ వాన కురిస్తే పొర కిందికి జరిగి పంటకు తగలవచ్చు. అందుకే తేలిక నేలలకు తక్కువ మోతాదు. ఖర్చు తగ్గించడానికని కొందరు అనుకుంటారు, కానీ ఇది ఆ లెక్క కాదు.

ఇంకో ప్రమాదం డబ్బా మీది పేరు సగమే చదవడం. పెండిమిథాలిన్, ఇమాజెథాపైర్ కలిపిన మందు సోయాచిక్కుడు ప్రాంతాల్లో బాగా అమ్ముడవుతుంది. మొదటి పేరు చూసి పొద్దుతిరుగుడుకు కొడితే రెండో పేరు పంటను తీసేస్తుంది.

దానికి లొంగనివి

తుంగ గడ్డ నుంచి లేస్తుంది, గరిక కణుపు నుంచి లేస్తుంది. గింజ మొలకను ఆపే మందుకు వాటితో పనే లేదు. తుంగ నిండిన నేలలో ఈ మందు కొడితే ఒక విచిత్రం జరుగుతుంది: మిగతా కలుపు పోయి, పోటీ లేని తుంగ ఇంకా హాయిగా పెరుగుతుంది. వేసవి లోతు దుక్కుల్లో గడ్డలు ఎండేలా చేయడమే దానికి దారి. వయ్యారిభామ మీద పెండిమిథాలిన్ ప్రభావం అంతంతే. ఒక్క మొక్క పదిహేను ఇరవై వేల గింజలు రాల్చే కలుపు అది, గట్ల మీద పూతకు రాకుండా కోసేయడం చేలో కొట్టే మందు కంటే ఎక్కువ మేలు చేస్తుంది. లోతు నుంచి లేవగల పెద్ద గింజల కలుపు కూడా పొరను తప్పించుకుంటుంది.

అన్నీ బాగా కుదిరినా ఈ మందు మనకు కొనిపెట్టేది ఇరవై ఐదు, ముప్పై రోజులు. ఆ తర్వాత పంట నీడ కమ్మే దాకా ఇంకో పది పదిహేను రోజుల ఎడం ఉంటుంది. నెల రోజులప్పుడు ఒక గుంటక, సాలులో మిగిలినవి పీకడానికి ఒకసారి కూలీలు, ఈ రెండూ తప్పవు. గుంటకను మందు కొట్టిన పదిహేనో రోజునే తోలితే మాత్రం పొరను మన చేత్తో మనమే తిరగేసినట్టు. కలుపు లేవకపోయినా అలవాటు కొద్దీ తోలడం చాలాచోట్ల కనిపించే పొరపాటు.

గుంటక ఎలాగూ తోలుతున్నప్పుడు, సాళ్ల మధ్య మందు ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. గుంటక చేరలేని చోటు సాలు మీది పట్టీ మాత్రమే. 60 సెంటీమీటర్ల ఎడంలో సాలుకు అటూ ఇటూ కలిపి 20 సెంటీమీటర్ల పట్టీకే కొడితే నేలలో మూడో వంతుకే మందు పడుతుంది. ఎకరాకు లీటరు పోయి 330 మిల్లీలీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది. పట్టీలో మోతాదు మాత్రం అంతే ఉండాలి, తగ్గించకూడదు. నాజిల్ ఎత్తు తగ్గించి, సాలు వెంబడి నడవడం కాస్త ఓపిక పని. వర్షాధార చేలలో, వాన నమ్మకం లేని చోట, ఈ పద్ధతికే మొగ్గు చూపడం సబబు. మందు పని చేయకపోయినా పోయేది మూడో వంతు డబ్బే, గుంటక మాత్రం వానతో సంబంధం లేకుండా పని చేస్తుంది.

నల్ల సముద్రం ఒడ్డున

మన వంటింట్లోకి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద భాగం రష్యా, ఉక్రెయిన్ల నుంచి వస్తుంది. ప్రపంచ పంటలో సగానికి పైగా ఆ రెండు దేశాలదే. మనకు ఈ పంట వాణిజ్యంగా వచ్చింది కూడా 1969 ప్రాంతంలో సోవియట్ రకాలతోనే. అక్కడ విత్తేది ఏప్రిల్, మే నెలల్లో, చలి వదలని తడి నేలలో. కలుపు మందులు కూడా ఎక్కువ: ఎస్-మెటలాక్లోర్, ఫ్లూరోక్లోరిడోన్, అక్లోనిఫెన్, ఆక్సీఫ్లోర్‌ఫెన్ లాంటివి యూరప్ చేలలో ఒంటరిగానో జంటగానో వాడుతూ వచ్చారు. ఎస్-మెటలాక్లోర్ నీటిలో లీటరుకు దాదాపు అర గ్రాము కరుగుతుంది, అంటే పెండిమిథాలిన్ కంటే వెయ్యి రెట్లకు పైగా. కొద్దిపాటి తేమతోనే పనిలోకి దిగడానికి కారణం ఇదే. అదే కరిగే గుణం దాన్ని బావుల్లోకి కూడా చేర్చింది. భూగర్భ జలాల్లో దాని అవశేషాల కారణంగా యూరోపియన్ యూనియన్ 2024లో అనుమతి కొనసాగించలేదు.

అక్కడి రైతుకు ఇంకో దారి కూడా ఉంది. 1996లో అమెరికాలోని కాన్సాస్‌లో, ఏళ్ల తరబడి ఇమాజెథాపైర్ కొట్టిన సోయా చేలో, ఆ మందుకు చావని అడవి పొద్దుతిరుగుడు మొక్కలు దొరికాయి. ఒకరి చేలో కలుపుగా నిలిచిన మొక్క ఆ లక్షణాన్ని పంట రకాలకు ఇచ్చింది. సంకరణతోనే తప్ప జన్యుమార్పిడి లేకుండా వచ్చిన ఆ హైబ్రిడ్ల మీద, పంట నిలిచి ఉండగానే వెడల్పాకు కలుపు మందు కొట్టవచ్చు. అయినా అక్కడ నేల మందులు పూర్తిగా పోలేదు. మొదటి మూడు వారాల పోటీని తగ్గించడానికి వాటినే ముందు కొడుతున్నారు.

ముందు పంట వదిలి వెళ్లింది

తెలంగాణలో మొక్కజొన్న తర్వాత, సోయా తర్వాత యాసంగిలో పొద్దుతిరుగుడు వేసేవాళ్లకు ఇంకో నేల మందు గురించి కూడా తెలియాలి. అది వాళ్లు ఈ పంటకు కొట్టింది కాదు, వానాకాలంలో కొట్టింది. మొక్కజొన్నకు వాడిన అట్రజిన్, సోయాకు వాడిన ఇమాజెథాపైర్ నెలల తరబడి నేలలో మిగలవచ్చు. వానలు తక్కువైన ఏడాది ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. పొద్దుతిరుగుడు రెండింటికీ సున్నితమే. అట్రజిన్ మిగిలితే మొలకలు బాగానే లేచి, నాలుగు ఆకుల తర్వాత ముదురు ఆకుల అంచులు పసుపెక్కి మాడతాయి. ఇమాజెథాపైర్ అయితే లేత ఆకులు, మొవ్వు పాలిపోయి మొక్క గిడసబారుతుంది. చాలామంది దీన్ని జింకు లోపమనో తెగులనో అనుకుని ఇంకో మందు కొడతారు.

అనుమానం ఉంటే విత్తడానికి మూడు వారాల ముందు, చేలో నాలుగైదు చోట్ల పైమట్టి తీసి రెండు పాత డబ్బాల్లో నింపి, మందు ఎప్పుడూ పడని గట్టు మట్టిని ఇంకో రెండింటిలో నింపి, ఒక్కోదానిలో పదేసి పొద్దుతిరుగుడు గింజలు వేసి చూడవచ్చు. డబ్బాల అడుగున చిల్లులుండాలి, ఎండ బాగా తగలాలి. నీడలో పెడితే అట్రజిన్ గుర్తులు సరిగా తేలవు. నాలుగు ఆకులు వచ్చేసరికి రెండు జతల మధ్య తేడా కళ్లకు కనిపిస్తుంది. తేడా ఉంటే ఆ చేలో ఈసారి పొద్దుతిరుగుడు వద్దు. ఆ గుర్తులు అట్రజిన్‌వైతే మళ్లీ మొక్కజొన్నో జొన్నో వేసుకోవచ్చు.

మందు కొట్టే రోజున చేలో ఒక మూల పది అడుగుల పొడవున రెండు సాళ్లు మందు లేకుండా వదిలిపెట్టడం ఇలాంటిదే, ఖర్చు లేని పరీక్ష. ఇరవై ఐదో రోజున అక్కడ ఒక చదరపు మీటరులో కలుపు లెక్కపెట్టి, పక్కన మందు పడిన చోట కూడా లెక్కపెడితే, డబ్బా పని చేసిందా లేదా అన్నది దుకాణందారుడితో వాదించకుండానే తెలుస్తుంది. రెండు చోట్లా తుంగే కనిపిస్తే తప్పు మందుది కాదు.